హోరమావులో మా అత్తగారికి కుదుర్చుకున్న హోమ్‌కేర్ సేవ: ఒక విశ్వాసి ఇంటి నుంచి సమీక్ష

పక్షవాతంతో కుడివైపు పడిపోయిన మా అత్తగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న తరువాత, తూర్పు బెంగళూరులో పనిచేసే ఒక హోమ్‌కేర్ ఏజెన్సీ ద్వారా పగటిపూట 12 గంటల షిఫ్టుకు అటెండెంట్‌ను పెట్టుకున్నాము. ఇటువంటి సేవలకు జనం ఇచ్చే రేటింగులు మనిషి వేళకు వచ్చిందా, ఆఫీసువాళ్లు ఫోన్ ఎత్తారా అన్న దగ్గరే ఆగిపోతాయి. మంచం పట్టిన మనిషి దగ్గర పని చక్కగా జరిగితే చూపించడానికి ఏమీ మిగలదు. వీపుమీద పుండు పడదు, మింగిన జావ ఊపిరితిత్తుల్లోకి పోదు, పక్క తడిగా ఉండదు. జరగకుండా ఆపిన కీడును ఎవరూ లెక్కపెట్టరు కనుక, ఈ సేవ విలువ చెప్పాలంటే ఆ కనిపించని పనిని విడమరచి చెప్పక తప్పదు.

మాకు వచ్చిన అమ్మాయిది కదిరి దగ్గర పల్లె. జనరల్ డ్యూటీ అసిస్టెంట్‌గా, అంటే రోగి రోజువారీ అవసరాలు చూసుకునే సహాయకురాలిగా శిక్షణ పొందింది, తెలుగు మాట్లాడుతుంది. అత్తగారి మాట ముద్దగా వచ్చే ఆ రోజుల్లో ఈ రెండవ అర్హత మొదటిదానికంటే ఎక్కువగా ఉపయోగపడింది. ప్రతి రెండు గంటలకు ఒకసారి అత్తగారిని ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పుతుంది. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద మరొక మెత్తని దిండు ఉంచుతుంది. తుంటి ఎముక మీద చర్మం ఎర్రబడితే దాన్ని రుద్దకూడదని, ఆ భాగంపై బరువు పడకుండా చూడాలని మాకు చెప్పింది ఆమే. రాగిజావ చిక్కగా చేయించి, తలవైపు బాగా ఎత్తి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టి, పడిపోయిన వైపు బుగ్గలో మెతుకు మిగిలిందేమో చూసి, ఆ తరువాత అరగంట దాకా పడుకోనివ్వదు. డైపర్ మార్చేముందు తలుపు వేస్తుంది. ఒంటిమీద చెయ్యి వేసే ప్రతిసారీ, అత్తగారు నిద్రమత్తులో ఉన్నా సరే, “అవ్వా, ఎడమపక్కకు తిప్పుతా ఉండా” అని చెప్పి మరీ తిప్పుతుంది. పొద్దున్నే కాఫీ ఇవ్వబోతే, “అవ్వ వీపు చూసినాకే తాగేదక్కా” అంటుంది.

యోహాను సువార్త 13వ అధ్యాయాన్ని మనం ఎక్కువగా మంచి శుక్రవారానికి ముందురోజు రాత్రి చదువుకుంటాము. తండ్రి తన చేతికి సమస్తమును అప్పగించెనని యేసు ఎరిగి, ఆ ఎరుకతోనే లేచి తువాలు నడుముకు కట్టుకున్నాడని అక్కడ రాసి ఉంది. సమస్తమును అందుకున్న చేతులు మొదట చేసిన పని శిష్యుల మురికి పాదాలు కడగడం. 1522లో వివాహ జీవితాన్ని గురించి రాస్తూ జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్, బిడ్డ మలినపు గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వినా, అతడు ఆ పనిని విశ్వాసంతో చేస్తున్నందుకు దేవుడు తన దూతలతో కలిసి సంతోషిస్తాడని చెప్పాడు. బిడ్డ విషయంలో రేపటి నడక, రేపటి మాట ఉంటాయి. వృద్ధురాలి విషయంలో ఆ ఆశ కూడా లేకుండా అదే గుడ్డ మార్చాలి కనుక, ఆ మాట ఇక్కడ మరింత వర్తిస్తుందని నా నమ్మకం. మన సంఘాల్లో సువార్త యాత్రకు వెళ్లేవారి కోసం పేరుపెట్టి ప్రార్థిస్తారు. ఇంట్లో రోగిని చూసుకుంటూ నెలల తరబడి ఆరాధనకు రాలేని కోడలినో కూతురినో మాత్రం ఎందుకు రావడం లేదని అడుగుతారు. ఇది నన్ను బాధపెడుతుంది.

ఆ అమ్మాయి కదిరి నరసింహస్వామిని కొలుస్తుంది. మత్తయి 25వ అధ్యాయంలో, ఆకలిగొన్నవారికి, రోగులకు చేసినది తనకే చేసినట్టని ప్రభువు చెప్పినప్పుడు నీతిమంతులు సైతం “ప్రభువా, ఎప్పుడు నిన్ను చూచితిమి” అని ఆశ్చర్యంతో అడుగుతారు. ఎవరికి చేశారో వారికే తెలియదు. ఆమె చేతుల్లో నేను చూసినదాన్ని ఆ వాక్యం వెలుగులోనే అర్థం చేసుకుంటున్నాను.

ఏజెన్సీ విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. ఒప్పందంలో వారపు సెలవు అన్న మాటే లేదు. ఆమెకు జ్వరం వచ్చినప్పుడు మరొకరిని పంపారు కానీ, ఏ వేళకు ఏ పక్కకు తిప్పాలో, ఎలా తినిపించాలో ఆ వచ్చిన మనిషికి ఒక్క ముక్క చెప్పి పంపలేదు. మేము కట్టే డబ్బులో ఆమె చేతికి ఎంత అందుతుందని అడిగితే సూటిగా జవాబు రాలేదు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో విశ్రాంతిదిన ఆజ్ఞ దాసదాసీలను కూడా పేర్కొని, వారు నీవలె విశ్రమించాలని కారణం చెబుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన గృహకార్మికుల ఒప్పందం వారానికి కనీసం 24 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలంటుంది. భారతదేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. చట్టం వచ్చేదాకా ఆగవలసిన పని విశ్వాసికి లేదు. ఇప్పుడు ఆదివారం పగలు మా వారు, మా మరిది వంతులవారీగా చూసుకుంటున్నారు, ఆ రోజు జీతం కోయకూడదని ఏజెన్సీతో కాగితం మీద రాయించుకున్నాము. తల్లి వీపు తుడవడం, పక్క మార్చడం ఆ ఇద్దరూ ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకున్నారు.

తడిసిన దుప్పట్లు ఉతకడం, జావ కాచడం, రాత్రి లేచి పక్క మార్చడం ఈ సేవ కిందికి రావు. అవి ఇంటివారి పనులే, ముందే తెలుసుకుని దిగాలి. అటెండెంట్ నైపుణ్యానికి, మర్యాదకు అయిదుకు అయిదు ఇస్తాను. ఏజెన్సీ నిర్వహణకు రెండున్నర కంటే ఎక్కువ ఇవ్వలేను. సంతకం చేసే ముందు వారపు సెలవు, మారు మనిషికి పని అప్పగించే పద్ధతి, అటెండెంట్‌కు చేరే జీతం, ఏ తేదీన చేరుతుందన్నది నాలుగూ రాతపూర్వకంగా అడగండి. మేము ఆ షరతుల మీదనే మరో ఆరు నెలలకు కొనసాగించుకున్నాము.