రంగు వెలిసే వేగం: సీటాబ్‌లోనా, ఎస్‌డీఎస్‌లోనా?

క్రిస్టల్ వయొలెట్ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే ఊదారంగు మెల్లగా వెలిసిపోతుంది. ధనావేశమున్న రంగు అణువు మధ్య కార్బన్‌కు రుణావేశమున్న హైడ్రాక్సైడ్ అతుక్కోగానే అది వర్ణరహితమవుతుంది. అదే ద్రావణంలో సర్ఫాక్టెంట్, అంటే సబ్బులాంటి పదార్థం, ఉంటే? సీటాబ్, ఎస్‌డీఎస్ అలాంటివే; నీటిలో వాటి అణువులు గుంపుగా చేరి కట్టే చిన్న ఉండలే మైసెల్‌లు.

ఎస్‌డీఎస్ మైసెల్ ఉపరితలం రుణావేశం. రంగును దగ్గరకు లాక్కుంటుంది, హైడ్రాక్సైడ్‌ను మాత్రం దూరంగా నెట్టేస్తుంది. కలవాల్సిన రెండూ విడిపోయి చర్య మందగిస్తుంది.

సీటాబ్ సంగతి నాకు మరీ ఇష్టం. దాని మైసెల్‌దీ ధనావేశమే, రంగుదీ ధనావేశమే, వికర్షించుకోవాలి కదా! కానీ రంగు అణువులోని బెంజీన్ వలయాలకు నీటికన్నా మైసెల్ లోపలి కొవ్వు స్వభావమే నచ్చుతుంది, అందుకే చేరుతుంది. హైడ్రాక్సైడ్ అయాన్లూ ఉపరితలం చుట్టూ గుమిగూడతాయి. చిన్న చోట రెండూ ఇరుక్కోవడంతో వేగం పెరుగుతుంది. అయితే సీటాబ్ అదేపనిగా పెంచితే వేగం ఒక శిఖరం దాటి తగ్గుతుంది: అయాన్లు ఎక్కువ మైసెల్‌ల మీదికి పలచబడతాయి, సీటాబ్‌తోపాటు వచ్చే బ్రోమైడ్ అయాన్ కూడా చోటుకు పోటీ పడుతుంది.

25 డిగ్రీల సెల్సియస్ వద్ద శుద్ధజలంలో మైసెల్‌లు ఏర్పడటానికి సీటాబ్ సుమారు 0.9 మిల్లీమోలార్ (గాఢత కొలత) చాలు, ఎస్‌డీఎస్‌కు 8 దాకా కావాలి. ప్రయోగం మొదలెట్టేవారికి నేనైతే సీటాబే ఇస్తాను.