"కడక్‌నాథ్, అన్నీ పెట్టలే" అని నెల పిల్లలు అమ్ముతున్నారు, జాగ్రత్త

అనంతపురం, కడప, కర్నూలు సంతల్లో కోడిపిల్లలు కొనేవాళ్లు డబ్బులు తీసేముందు ఇది చదవండి. నెల పిల్లలను గంపలో పోసుకొచ్చి, కడక్‌నాథ్ పెట్టలని చెప్పి, మామూలు నాటుపిల్లకంటే బాగా ఎక్కువ ధర అడుగుతున్నారు. రెండు రకాల కోళ్లు కలిసి పుట్టిన క్రాసు పిల్ల ఆ వయసులో పెట్టా పుంజా అన్నది గ్యారంటీగా చెప్పలేం. నల్ల ఈకలున్నదల్లా కడక్‌నాథూ కాదు.

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు జాతి, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. దానికి తోలు కూడా నల్లగానే ఉంటుంది, అందుకే గుర్తుపట్టాలంటే ఈకలు వదిలేసి తోలు చూడాలి. పిల్లను తిరగేసి అరికాలు చూడండి: పసుపో తెలుపో కనిపిస్తే క్రాసే. ముక్కు తెరిచి నాలుక చూడండి, రొమ్ము మీద ఈకలను నోటితో ఊది చర్మం చూడండి. జుట్టు, అంటే నెత్తి మీది కండ, ఊదారంగు కలిసిన నలుపులో ఉండాలి, ఎరుపు తిరగకూడదు.

ఇక్కడే పెద్ద మోసం ఉంది. పసుపు కాళ్ల నాటుపెట్టకు కడక్‌నాథ్ పుంజును కలిపితే పుట్టే పెట్టపిల్లలు దాదాపు అసలు జాతి అంత నల్లగానే ఉంటాయి, పుంజుపిల్లలకే తోలు వెలిసినట్టు ఉంటుంది. అంటే క్రాసు పెట్టపిల్ల పైన చెప్పిన పరీక్షలన్నీ దాటిపోవచ్చు. అందుకే తల్లినీ తండ్రినీ చూపించమనండి. చూపించకపోతే నాటుకోడి ధరకు మించి ఇవ్వొద్దు.

డేగ, కాకి, నెమలి అని చెప్పి జాతికోడి ధర అడిగినా అంతే. అవి ఈక రంగుల పేర్లు, జాతులు కావు. అసలైన పందెంకోడి జాతి అసీల్‌కు జుట్టు బఠానీ గింజలు మూడు వరసలు పేర్చినట్టు నెత్తికి అతుక్కుని ఉంటుంది. నిలువుగా రంపప్పళ్లలా లేస్తే అందులో వేరే రక్తం కలిసింది.

ఇక పెట్టా పుంజా అన్నది. రంపప్పళ్ల జుట్టున్న పిల్లల్లో 6-8 వారాలకు పుంజుకు జుట్టు పెరిగి ఎర్రబడుతుంది, పెట్టకు చిన్నగా, పాలిపోయినట్టే ఉంటుంది. ఒకే పొదుగు పిల్లలను పక్కపక్కన పెట్టి పోల్చాలి, ఒంటి పిల్లను చూసి చెబితే తప్పుతుంది. అసీల్ క్రాసుల్లో జుట్టు ఆలస్యంగా పెరుగుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోలేం. వాటికి 12 వారాలు దాటాక నడుం మీద, తోక మొదట్లో ఈకలు చూడండి: సన్నగా, కొన తేలి, మెరుస్తూ దిగితే పుంజు, కొన గుండ్రంగా ఉంటే పెట్ట.

దారానికి ఉంగరం కట్టి ఊపడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, ఇవేవీ పనిచేయవు. రెక్క ఈకల పొడవు చూసి చెప్పే పద్ధతి, దానికోసమే జత కలిపిన రకాల్లో పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే కుదురుతుంది. సంతలో క్రాసు పిల్లకు అది చెల్లదు.

పెట్ట ధర పెట్టాలంటే మూడు నెలలు దాటిన పిల్లనే అడగండి. చిన్నవే కావాలంటే పెట్టా పుంజా కలిపిన ధరకే బేరమాడి, పదింట్లో ఐదారు పుంజులు తేలినా నష్టం రాని రేటుకే తీసుకోండి.