బియర్డెడ్ డ్రాగన్లు రెండుంటే ఒకే ట్యాంకా, వేరువేరా? ఏది మేలు?

మన కంచెల మీద తలాడించే తొండకు బియర్డెడ్ డ్రాగన్ దాయాది. పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు. అక్కడ మగది ఎత్తైన మోడు ఎక్కి, గడ్డం (గొంతు కింద ముళ్లలాంటి పొలుసులున్న చర్మం) నల్లగా చేసుకుని, తల ఊపుతూ పక్క మగదాన్ని బెదిరిస్తుంది. ఓడింది పారిపోతే గొడవ అక్కడితో సరి. నాలుగడుగుల గాజు ట్యాంకులో ఓడినదానికి పారిపోయే దారే ఉండదు.

రెండు మగవాటిని కలపడం గురించి ఆలోచించనక్కర్లేదు. ఇవాళ కాకపోతే రేపు కరుచుకుంటాయి.

మగ, ఆడ కలిపితే పోట్లాట తక్కువే కానీ ఆడదాని ఒళ్లు గుల్లవుతుంది. మగది మెడ కరిచి పట్టుకుంటుంది, రోజంతా వెంటపడుతుంది. ఆడది ఒక విడతలో ఇరవై, ఒక్కోసారి ముప్పై దాకా గుడ్లు పెడుతుంది. వీర్యం లోపల నిలవ ఉంటుంది కాబట్టి ఒక్క కలయికతోనే రెండు మూడు విడతలు పెట్టగలదు. ఆ పెంకులకు కావలసిన కాల్షియం తిండిలో సరిపోకపోతే ఎముకల్లోంచి పోతుంది. గుడ్డు లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అసలు వాదన రెండు ఆడవాటి దగ్గర. "మావి కలిసే పడుకుంటాయండీ, ఒకదాని మీద ఒకటి" అనేవాళ్లు చాలామంది. అది ప్రేమ కాదు. పైన పడుకున్నది వేడినీ, యూవీబీ వెలుగునూ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) తను తీసుకుని కిందిదానికి అడ్డం పడుతోంది. యూవీబీ అందకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారు కాదు, డీ3 లేకపోతే పెట్టిన కాల్షియం ఒంటికి పట్టదు. కొన్ని నెలలకు దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి. ఒక్క కాటు కూడా పడకుండానే ఒకటి గెలిచింది, ఒకటి చితికిపోయింది. ఇలాంటి ట్యాంకుల్లో గాయం కంటే ముందు కనబడేది బరువు తేడా. వంటింటి డిజిటల్ కాటాలో వారానికోసారి రెండింటినీ తూచి రాసుకోండి. ఒకటి పెరుగుతూ ఇంకోటి ఆగిపోయిందంటే అదే రోజు విడదీయాలి. ముందరి కాలెత్తి నెమ్మదిగా ఊపడం ముద్దుగానే ఉంటుంది. కానీ అది "నీ జోలికి రాను" అని లొంగిపోవడం. రోజూ ఒకటే ఊపుతుంటే లెక్క తేలిపోయినట్టే.

దుకాణంలో "రెండూ ఆడవే" అన్న మాటా నమ్మొద్దు. తోకను మెల్లగా పైకెత్తి దాని మొదట్లో చూస్తే మగదానికి రెండు ఉబ్బులు, మధ్య గాడి ఉంటాయి. ఆడదానికి ఉంటే మధ్యలో ఒక్కటే చిన్న ఉబ్బు. పిల్లల్లో ఇది కొన్ని నెలలదాకా తేలదు. చిన్నప్పటి నుంచి కలిసే పెరిగాయి కదా అనుకుంటే, తొండ ముదిరితే ఊసరవెల్లి అన్నట్టే: ఈడొచ్చాక లెక్క మారిపోతుంది. పిల్లలప్పుడే కూడా ఆకలేస్తే పక్కదాని కాలివేళ్లు, తోక కొస కదలడం చూసి పురుగనుకుని కొరికేస్తాయి.

ఖర్చు తగ్గుతుందని మధ్యలో అడ్డుపలక పెట్టేవాళ్లున్నారు. మా దృష్టిలో ఇది అన్నిటికంటే మోసపు పొదుపు. ఎదిగినదానికి కనీసం 120 × 60 × 60 సెంటీమీటర్ల చోటు కావాలి. దాన్ని రెండు చేస్తే ఒక్కోదానికి రెండడుగులు. ఒక చివర దీపం కింద 38–42 డిగ్రీలు, ఇంకో చివర 24–27 ఉండాలన్న ఏర్పాటు రెండడుగుల్లో కుదరదు, అంతా ఒకటే ఉడుకు. పలక గాజుదైతే ఇంకా చేటు. ఎదుటిది పొద్దస్తమానం కనబడుతుంటే గడ్డం నలుపు దిగదు, గాజును గీరుతూ ముక్కు పుండు చేసుకుంటాయి. పక్కపక్కనే రెండు ట్యాంకులు పెట్టినా ఇదే తంతు. మధ్య అట్టముక్క అడ్డం పెడితే సరిపోతుంది.

వేరు ట్యాంకుకు ఖర్చెంత? 100 వాట్ల వేడి బల్బు, 39 వాట్ల టీ5 (సన్నని రకం) యూవీబీ ట్యూబు రోజుకు పన్నెండు గంటలు వెలిగితే నెలకు సుమారు 50 యూనిట్లు. ట్యూబును ఏడాదికోసారి మార్చాలి. డాక్టరు బిల్లుతో పోలిస్తే ఇది పెద్ద మొత్తమేమీ కాదు. కొత్తగా తెచ్చినదాన్ని ఎలాగూ మూడు నెలలు వేరే గదిలో ఉంచి, మలం పరీక్ష చేయించాలి. కాక్సీడియా (పేగుల్లో చేరే పరాన్నజీవి), అడినోవైరస్ ఇలాగే ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతాయి. అంటే రెండో ట్యాంకు మొదటి రోజే కావాలి. కొన్నాక దాన్ని తీసేయడం ఎందుకు?

ఇల్లు మారేటప్పుడో, ట్యాంకు పగిలినప్పుడో నాలుగు రోజులు కలపక తప్పకపోతే, ఒకే సైజు ఆడవైతేనే. దీపాలు రెండు, రెండు చివర్లా ఒకే వేడితో. యూవీబీ రెండు వైపులా. దాక్కునే గూళ్లు రెండు, ఒక్కోదానికి రెండు దారులు. పురుగులు మాత్రం ట్యాంకులో వదలొద్దు. చెరో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తినిపించి, మిగిలినవి ఏరేశాకే లోపలికి వదలాలి.

కాటు పడితే ముందు విడదీయండి. ఇసుక తీసేసి టిష్యూ పేపరు పరవండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి, వేలి కొస అయితే మెత్తటి తెల్ల కార్న్‌ఫ్లోర్ అద్దండి. పొవిడోన్ అయోడిన్‌ను (బెటాడిన్ లాంటి మందు) పల్చటి డికాషన్ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి రోజుకు రెండుసార్లు తుడవండి. నొప్పి తగ్గించే మందు కలిసిన ఆయింట్‌మెంట్లు పూయొద్దు. వీటి చీము కారదు, జున్నులా గట్టిపడి లోపలే ఉండిపోతుంది. అందుకే పైకి మానినట్టున్న చోట గడ్డ తగిలితే కోసి తీయించాల్సిందే. తోక కొస నల్లబడి ఎండుతుంటే ఆ నలుపు ఎక్కడిదాకా ఉందో రోజూ ఫోటో తీసి చూడండి, పైకి పాకుతుంటే సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి ఆ రోజే. గోడ మీది బల్లిలా మళ్లీ మొలుస్తుందిలే అని ఆగొద్దు, దీని తోక తెగితే మళ్లీ రాదు.