సీలు తీయని రౌటర్, ఏళ్ల క్రితమే ఆగిపోయిన అప్‌డేట్లు: కొనేవారు జాగ్రత్త

రౌటర్ కొనబోతున్న వారందరికీ ఈ హెచ్చరిక. పెట్టె సీలు చెదరకుండా, వారంటీ కార్డుతో సహా, సరికొత్తదని చెప్పి నాకు అమ్మిన వైఫై రౌటర్‌కు తయారీ సంస్థ భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం నేను కొనడానికి ఎంతో ముందే మానేసింది. ఆ సంగతి అమ్మినవారికి తెలుసు, తెలిసే అమ్మారు. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు కానీ, నెట్‌వర్క్ సామాన్లు ఆన్‌లైన్‌లో వెతికేవారికి అది ఎటువంటి చోటో చెప్పనక్కర్లేదు. పెద్ద తగ్గింపు చూపిస్తూ రౌటర్లు ముందు వరసలో కనిపించేది అలాంటి చోట్లనే.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. పాత రౌటర్ పాడైతే ఇది కొన్నాను. వేగం బాగుంది, సిగ్నల్ అన్ని గదులకూ అందింది. కొంతకాలం తరవాత ఫోన్‌లో బ్యాంకు పేజీ తెరిస్తే సర్టిఫికెట్ (ఆ సైటు అసలుదేనని చూపే డిజిటల్ ధ్రువపత్రం) సరిపోలడం లేదని బ్రౌజర్ ఎర్రటి హెచ్చరిక చూపింది. వైఫై ఆపి మొబైల్ డేటాతో తెరిస్తే అదే పేజీ మామూలుగా వచ్చింది. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి చూశాను. అక్కడున్న డీఎన్‌ఎస్ సర్వర్ల చిరునామాలు ఇంట్లో ఎవరూ పెట్టినవి కావు, కనెక్షన్ ఇచ్చిన సంస్థవీ కావు. అడ్మిన్ పాస్‌వర్డ్‌ను పెట్టె తెరిచిన రోజే మార్చాను, పొడుగైనదే పెట్టాను. అయితే ఈ మోడల్‌లో పాస్‌వర్డ్ అడగకుండానే సెట్టింగులు మార్చనిచ్చే లోపం ఒకటి ఉందనీ, అది అందరికీ కనిపించేలా నమోదై ఉందనీ, దానికి మందు మాత్రం ఎవరూ వేయలేదనీ తరవాత తెలిసింది.

డీఎన్‌ఎస్ మారడమంటే చిన్న విషయం కాదు. మనం టైపు చేసే సైటు పేరుకు సరైన సంఖ్యా చిరునామా ఏదో చెప్పేది అదే. దాన్ని చేజిక్కించుకున్నవారు ఇంట్లోని ఫోన్లు, టీవీ, కంప్యూటర్లు అన్నిటినీ తాము కోరిన నకిలీ సర్వరుకు మళ్లించగలరు. ఆ పరికరాల్లో ఒక్కదానిలోనూ వైరస్ ఉండనక్కర్లేదు. ఆ రోజు నన్ను కాపాడింది బ్రౌజర్ చూపిన సర్టిఫికెట్ హెచ్చరిక ఒక్కటే. దాన్ని దాటుకుని ముందుకు వెళ్లేవారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

వెంటనే ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ బటన్ నొక్కాను. ‘మీ ఫర్మ్‌వేర్ తాజాగా ఉంది’ అని జవాబు వచ్చింది. కొనుగోలుదారులందరూ ఈ వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. ఆ బటన్ చేసే పనల్లా, ఇంతకన్నా కొత్త ఫైలు ఉందా అని తయారీ సంస్థ సర్వరును అడగడమే. సంస్థ ఆ మోడల్‌ను వదిలేశాక కొత్త ఫైలు అనేది ఇక రాదు. కనుక ఆ రౌటర్ ఎన్నేళ్లయినా తాను తాజాగానే ఉన్నానని చెబుతూ ఉంటుంది. బయటపడిన లోపాల్లో ఎన్ని సరిచేయకుండా మిగిలాయో ఆ తెర మీద ఎక్కడా కనిపించదు. కనిపించేది ఫర్మ్‌వేర్ తయారైన తేదీ మాత్రమే, అదీ చిన్న అక్షరాల్లో. నా రౌటర్‌లో ఆ తేదీ ఎంత పాతదో చూసి అనుమానం వచ్చి తయారీ సంస్థ వెబ్‌సైటు తెరిస్తే, మద్దతు ముగిసిన ఉత్పత్తుల జాబితాలో నా మోడల్ ఉంది. దాని వాడకం ఆపి వేరేది తీసుకోవాలని తయారీదారే అక్కడ సలహా ఇచ్చారు. వాడొద్దని తయారు చేసినవారే చెబుతున్న వస్తువును వీరు సరికొత్తదని నా చేతిలో పెట్టారు.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం కస్టమర్ కేర్‌తో జరిగిన సంభాషణ. మొదట మాట్లాడినాయన సంగతంతా విని, “నెట్ వస్తోందాండీ?” అని అడిగారు. వస్తోందన్నాను. “స్పీడ్ వస్తోందా?” అన్నారు. వస్తోందన్నాను. “అయితే ప్రోడక్ట్‌లో డిఫెక్ట్ లేనట్టేనండీ, రిటర్న్ కుదరదు” అని తేల్చేశారు. పైవారితో మాట్లాడించమని పట్టుబట్టాక ఒకావిడ లైన్‌లోకి వచ్చారు. మద్దతు ముగిసిన సంగతి నేను వివరించబోతుంటే మధ్యలోనే ఆపి, “ఆ మోడల్‌కి సపోర్ట్ అయిపోయిందని మాకు ముందే తెలుసండీ, అందుకే కదా ఆ రేటుకి ఇచ్చాం. అయినా ఇంట్లో వాడుకునేవాళ్లకి అప్‌డేట్లతో ఏం పని?” అన్నారు. గొంతులో తొట్రుపాటు లేదు. మరి ఆ ముక్క అమ్మకపు పేజీలో ఎందుకు రాయలేదని అడిగాను. “ఎవరూ అడగరండీ” అన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నా కోపం తగ్గలేదు. వారి పేజీలో యాంటెన్నాల సంఖ్య ఉంది, రంగు ఉంది, గోడకు తగిలించుకోవచ్చని కూడా ఉంది. కొనాలా వద్దా అన్నది తేల్చే విషయం ఒక్కటీ లేదు. గడువు దాటిన మందును, సీలు తీయలేదు కనుక కొత్తదేనని అమ్మడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు.

ఇంట్లో వాడుకునేవారికి అప్‌డేట్లతో ఏం పని అన్న ప్రశ్నకు గత పదేళ్లకు పైబడిన చరిత్రే జవాబు చెబుతుంది. 2014 డిసెంబరులో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు ‘మిస్‌ఫార్చ్యూన్ కుకీ’ అనే లోపాన్ని బయటపెట్టారు. దాదాపు 1.2 కోట్ల పరికరాలు దాని బారిన పడే స్థితిలో ఉన్నాయని, వాటిలో అత్యధికం ఇళ్లలోని రౌటర్లేనని తేలింది. లోపం ఉన్నది రోమ్‌పేజర్ అనే చిన్న వెబ్ సర్వరు సాఫ్ట్‌వేర్‌లో. దాన్ని రాసిన సంస్థ ఆ లోపాన్ని 2005లోనే సరిదిద్దింది. ఆ సవరణ రౌటర్ల ఫర్మ్‌వేర్‌లోకి చేరకపోవడం వల్ల, సరిదిద్దిన తొమ్మిదేళ్ల తరవాత కూడా అన్ని ఇళ్లలో తలుపు తెరిచే ఉంది. 2018 మే నెలలో సిస్కో సంస్థకు చెందిన టాలోస్ భద్రతా పరిశోధన బృందం వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) సంగతి ప్రకటించింది. 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లు, స్టోరేజీ పరికరాల్లోకి అది చేరింది. రౌటర్‌ను ఆపి మళ్లీ పెడితే దాని పై భాగాలు చెరిగిపోయినా మొదటి అంచె మాత్రం పోకుండా లోపలే నిలిచేది.

మన ఇంట్లో దోచుకోవడానికి ఏముందని చాలామంది అంటారు. ఇలాంటి దాడుల్లో ఎక్కువ భాగానికి మన ఇల్లు ఎవరిదో తెలియనక్కర్లేదు. ప్రోగ్రాములు ఇంటర్నెట్ చిరునామాలన్నిటినీ వరసగా తడుముతూ, తెలిసిన లోపం ఉన్న రౌటర్ దొరకగానే అందులో చేరతాయి. ఆ పైన ఇతరుల మీద దాడులు మన చిరునామా నుంచి జరుగుతాయి, విచారణ మొదలైతే ముందుగా కనిపించేదీ మన చిరునామానే. వోల్ట్ టైఫూన్ అనే హ్యాకర్ల ముఠా వాడుకుంటున్న రౌటర్ల వలను తొలగించినట్టు 2024 జనవరిలో అమెరికా న్యాయశాఖ ప్రకటించినప్పుడు, అందులో ఎక్కువ భాగం తయారీదారుల మద్దతు ముగిసిన సిస్కో, నెట్‌గేర్ రౌటర్లేనని స్పష్టంగా చెప్పింది. 2025 మే నెలలో ఎఫ్‌బీఐ కూడా, మద్దతు ముగిసిన పాత రౌటర్లలో నేరగాళ్లు మాల్‌వేర్ పెట్టి వాటిని అద్దె ప్రాక్సీలుగా (ఇతరులు తమ చిరునామా దాచుకోవడానికి వాడే మధ్యవర్తి దారులుగా) అమ్ముకుంటున్నారని హెచ్చరించి, వాటిని మార్చేయమని చెప్పింది. ఇవన్నీ రోజూ నెట్ వస్తున్న, స్పీడ్ వస్తున్న రౌటర్లే. నెట్ వస్తోంది కనుక లోపం లేదన్న వాదన ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఇలాంటివి చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదన్నట్టు ఆవిడ మాట్లాడారు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఇంటర్నెట్‌కు కలిసే గృహోపకరణాలకు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు వస్తాయో తయారీదారు ప్రకటించి తీరాలి. ఐరోపా సమాఖ్య చట్టంలో ఇలాంటి ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి అమలవుతాయి. కొనేవారికి ఈ తేదీ తెలియడం హక్కని ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి.

ఇంకొక మోసం హార్డ్‌వేర్ వెర్షన్ దగ్గర ఉంది. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ 1, 2, 3 అంటూ రౌటర్లు వస్తాయి. లోపలి చిప్ కూడా వేరు కావచ్చు, ఒకదాని ఫర్మ్‌వేర్ మరొకదానికి ఎక్కదు, మద్దతు ముగిసే తేదీలూ వేరుగా ఉంటాయి. అమ్మకపు పేజీలో మోడల్ పేరు మాత్రమే ఉంటే, కొత్త వెర్షన్ గురించి రాసిన సమీక్షలు చదివి మనం డబ్బు కడతాం, వారు గోదాములో మిగిలిన పాత వెర్షన్ పంపుతారు. ఆ వెర్షన్ సంఖ్య రౌటర్ అడుగున అంటించిన స్టిక్కరు మీద తప్ప బయట ఎక్కడా ఉండకపోవచ్చు.

ఇప్పటికే ఇలాంటిది ఇంట్లో ఉంటే, కొత్తది వచ్చేదాకా బయటి నుంచి అడ్మిన్ పేజీ తెరుచుకునే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను, ఇంట్లోని పరికరాలు అడగగానే బయటికి దారి తెరిచే యూపీఎన్‌పీని, బటన్ లేదా పిన్‌తో పరికరాలను వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి, డీఎన్‌ఎస్ చిరునామాలు సరిచూడండి. వాటివల్ల ప్రమాదం తగ్గుతుంది కానీ పోదు. తయారీ సంస్థ ఫర్మ్‌వేర్‌కు బదులుగా వేసుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మీ కచ్చితమైన హార్డ్‌వేర్ వెర్షన్‌కు ఇప్పటికీ విడుదలలు ఇస్తుంటే అది మంచి దారే. మెమరీ మరీ తక్కువ ఉన్న పాత రౌటర్లకు మాత్రం అదీ దక్కదు.

కొనబోయేవారు డబ్బు కట్టకముందే అమ్మకందారును స్టిక్కరు ఫొటో అడగండి, ఆ వెర్షన్‌ను తయారీ సంస్థ వెబ్‌సైటులో వెతికి చివరి ఫర్మ్‌వేర్ తేదీ చూడండి. అమ్మకందారు ఇచ్చే జవాబును రాతపూర్వకంగానే తీసుకోండి. నాతో ఫోన్‌లో అంత ధీమాగా అన్న మాటను ఈమెయిల్‌లో రాసి పంపమంటే వారు ఇంతవరకూ పంపలేదు.