జోహానెస్‌బర్గ్‌లో ఆఫ్రికా ప్రయాణానికి బండి కొనబోతున్నవారికి హెచ్చరిక

రూఫ్ టెంట్లు బిగించిన ఫోర్ బై ఫోర్ బండ్లు అమ్మే ఆ పెద్దమనిషి ఎవరో జోహానెస్‌బర్గ్‌లోని తెలుగువారికి నేను వేరే చెప్పనక్కర్లేదు. పేరు రాయను. నిన్న రాత్రే సరిహద్దు నుంచి వెనక్కి వచ్చాను, కోపం ఇంకా చల్లారలేదు, కాబట్టి మాటల్లో కారం ఎక్కువైతే మన్నించండి.

ఒక్కవైపే 4,000 కిలోమీటర్లకు పైబడిన దారిలో నైరోబీ దాకా బండి నడుపుకుంటూ వెళ్ళి రావడం అంత ఖర్చుకూ శ్రమకూ తగినదేనా అని మా ఇంట్లో ఎనిమిది నెలలు చర్చ జరిగింది. విమానంలో వెళ్ళి అక్కడ జీపు అద్దెకు తీసుకుందామని మా ఆవిడ, దారి చూడకపోతే ఇక వెళ్ళడమెందుకని నేను. 2021లో బోట్స్వానా, జాంబియాల మధ్య కజుంగులా వంతెన తెరిచారు గనుక జాంబేజీ నది దగ్గర బండిని ఫెర్రీ ఎక్కించే పని లేదనీ, దక్షిణాఫ్రికా, బోట్స్వానాలు ఒకే కస్టమ్స్ యూనియన్‌లో ఉన్నందున అక్కడ కార్నే (బండిని తాత్కాలికంగా మరో దేశంలోకి తీసుకెళ్ళడానికి చూపే కస్టమ్స్ పత్రం) అడగరనీ, జాంబియా నుంచి టాంజానియాలోకి దాటే తుండుమా దగ్గర లారీల బారులకు ఒక పూట వదులుకోవాలనీ, కెన్యా నుంచి తిరిగి వచ్చేవారు ఇక్కడ ఎల్లో ఫీవర్ కార్డు చూపాలి గనుక టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలనీ అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇన్ని రాసుకున్న మహాపండితుడు బండి ఎవరి పేరు మీద ఉందో మాత్రం చూసుకోలేదు.

"మీ ఊరూ మా ఊరూ పక్కపక్కనే తమ్ముడూ, నీ దగ్గర లాభం చూసుకుంటానా" అన్నాడు ఆ పెద్దమనిషి. నేను 3,20,000 రాండ్లు ఒకేసారి బదిలీ చేశాను. పేరు మార్పిడి కాగితాలు ఆఫీసులో ఉన్నాయనీ, మేము తిరిగి వచ్చేలోగా పూర్తవుతాయనీ చెప్పి, బండిని దేశం దాటించడానికి తనకు అభ్యంతరం లేదంటూ సంతకం పెట్టిన ఉత్తరం ఒకటి చేతికిచ్చాడు. ఆ ఉత్తరాన్ని నేను ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రంగా దాచుకున్నాను కూడా.

నిన్న ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి, మొకోపానే దగ్గర ఎన్11 రోడ్డెక్కి, గ్రోబ్లర్స్‌బ్రుగ్ సరిహద్దు చెక్‌పోస్టు చేరాము. లింపోపో నది దాటితే బోట్స్వానా. అక్కడి పోలీసు అధికారిణి మర్యాదగానే మాట్లాడింది. రిజిస్ట్రేషన్ కాగితం నకలు మీద వేలు పెట్టి, "ఓనర్ అని ఉన్నది ఇతను, టైటిల్ హోల్డర్ అని ఉన్నది బ్యాంకు, మరి మీరెవరు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ కాగితం మూడు వారాలుగా నా దగ్గరే ఉంది, ఆ రెండు పంక్తులూ మొదటి పేజీలోనే ఉన్నాయి. టైటిల్ హోల్డర్ అంటే బండి మీద చట్టపరమైన హక్కు ఉన్నవారు, బండి మీద అప్పు తీరలేదు, బ్యాంకు అనుమతి పత్రం లేనిదే దేశం దాటనివ్వనని ఆమె చెప్పింది. అది ఆమె తప్పు కాదు.

లారీల పక్కన నిలబడి అతనికి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. "లోన్ ఉందని కాగితంలోనే ఉంది కదా సార్, చదువుకున్నవారు, చూసుకోవాలి కదా. ఆదివారం ఇలాంటివాటికి ఫోన్ చేయకండి" అని పెట్టేశాడు. డబ్బు పోయిందన్న బాధ తర్వాత వచ్చింది, ముందు నా చెవికి తగిలింది ఆ "సార్". మూడు వారాల పాటు తమ్ముణ్ణైన నేను, డబ్బు అందాక సార్‌నయ్యాను. పక్కనే ఉన్న మా అమ్మాయి, లింపోపో ఎటువైపు ఉందని అడుగుతోంది.

ఈ ఉదయం బ్యాంకుకు ఫోన్ చేస్తే ఖాతాదారుతో తప్ప ఎవరితోనూ ఆ అప్పు గురించి మాట్లాడబోమన్నారు. నా డబ్బులో ఒక్క రాండ్ అయినా వాళ్ళకు చేరిందో లేదో కూడా చెప్పలేదు. పోలీసు ఫిర్యాదు రాసి ఇచ్చాను.

కొనేవారు టైటిల్ హోల్డర్ గడి చదవండి. అక్కడ బ్యాంకు పేరుంటే, ఎంత బాకీ ఉందో బ్యాంకు నుంచే రాతపూర్వకంగా తెప్పించుకుని, ఆ మొత్తాన్ని నేరుగా బ్యాంకుకే కట్టండి. బండి మీ పేరు మీదికి వచ్చేదాకా సెలవు పెట్టకండి.

ఆ ప్రయాణం తగినదేనా అని నన్ను అడుగుతున్న మిత్రులకు నా దగ్గర జవాబు లేదు, నేను చూసింది దాదాపు 400 కిలోమీటర్లే. సెలవు ఇంకా ఇరవై మూడు రోజులుంది. బండి వాకిట్లో ఉంది, టెంటు ఇంకా విప్పలేదు.