ముసలి ఎలుకకు కంతి లేచింది: కోయించాలా, వదిలేయాలా?

మా ఇంట్లో రెండు తెల్ల ఎలుకలు ఉండేవి. అక్కాచెల్లెళ్లు, జున్ను, బెల్లం. ముసలితనంలో రెండింటికీ కంతులే లేచాయి. జున్నుకు కోయించాం, బెల్లానికి వద్దనుకున్నాం. ఇప్పుడు అడిగినా మళ్లీ అలాగే చేస్తాను.

పెంపుడు ఎలుక బతికేది రెండు, రెండున్నరేళ్లు. మూడేళ్లు నిండిందంటే అదృష్టమే. ఏడాదిన్నర దాటాక ఆడ ఎలుకలకు రొమ్ము కంతులు రావడం చాలా మామూలు. వాటి రొమ్ము కణజాలం మెడ దగ్గర్నుంచి గజ్జల దాకా పరుచుకుని ఉంటుంది. అందుకే కంతి చంకలో లేవొచ్చు, డొక్క పక్కన లేవొచ్చు, తొడ లోపలా లేవొచ్చు. వీటిలో ఎక్కువ భాగం ఫైబ్రోఅడినోమాలు. అంటే క్యాన్సర్ కాదు, వేరే అవయవాలకు పాకదు. కానీ పెరగడం మాత్రం ఆపదు. చిక్కంతా అక్కడే.

ముందు అది కంతో, చీముగడ్డో తేలాలి. చీముగడ్డ రెండు మూడు రోజుల్లోనే ఉబ్బుతుంది, వేడిగా ఉంటుంది, ముట్టుకుంటే ఎలుక కీచుమంటుంది. రొమ్ము కంతి సాధారణంగా వేళ్ల కింద అటూఇటూ జారుతుంది, నొప్పి ఉండదు. చీముగడ్డ అయితే ఈ చర్చే అక్కర్లేదు, డాక్టర్ చీము తీసి మందులిస్తారు.

జున్నుకు అప్పుడు 20 నెలలు. ఎత్తుకున్నప్పుడు చంక కింద శనగగింజంత తగిలింది. మొదట వెళ్లిన చోట "ఎలుకకు ఆపరేషనేంటండీ, ఇంకోటి కొనుక్కోండి" అన్నారు. ఆ మాట పట్టుకుని నెల పోగొట్టుకున్నాం, ఈలోగా కంతి ఉసిరికాయంత అయింది. నేను చేసిన తప్పు ఇదొక్కటే. కంతి ఎంత చిన్నదైతే కోత అంత చిన్నది, మత్తులో ఉండే సమయం అంత తక్కువ, రక్తం పోయేదీ తక్కువే. చూద్దాంలే అనుకుంటే మనం వదిలేసే మార్గాన్ని ఎంచుకున్నట్టే.

చిన్న ప్రాణుల్ని చూసే డాక్టర్ దొరికాక ఐసోఫ్లురేన్ గ్యాస్ మత్తుతో చేశారు. రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దంటారేమో అనుకున్నాను. "కడుపు మాడ్చకండి" అన్నారు! ఎలుకకు వాంతి చేసుకోవడం చేతకాదట, మత్తులో కక్కుకుంటుందన్న భయం లేదు, ఖాళీ కడుపుతో ఉంచితేనే నీరసించిపోతుంది. పైకి కనిపించే కుట్లయితే పళ్లతో పీకేస్తుందని చర్మం లోపలి వైపు వేశారు. ఇంటికొచ్చిన గంటకు పెరుగన్నం నాకింది.

తర్వాత ఏడు నెలలు బతికింది. అయితే నాలుగో నెలలోనే రెండో వైపు ఇంకో కంతి మొదలైంది. ఆపరేషన్ ఆ ఒక్క కంతినే తీసేస్తుంది, కొత్తవాటిని ఆపదు. చిన్నప్పుడే గర్భసంచి, అండాశయాలు తీయిస్తే ఈ బెడద బాగా తగ్గుతుంది, కానీ ముసలి ఎలుకను ఒళ్లో పెట్టుకున్నవాళ్లకు అది ఆలస్యంగా తెలిసిన సంగతి.

బెల్లానికి కంతి లేచేసరికి 27 నెలలు. వెనక కాళ్లు ఈడుస్తోంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరి గురగురమనేది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఎలుకల ఊపిరితిత్తుల్లో జీవితాంతం తిష్ఠ వేస్తుంది, అలాంటి ఊపిరికి మత్తు పెద్ద గండం. వయసును చూసి కాదు, ఆ గురగుర విని ఆపరేషన్ వద్దనుకున్నాం.

వదిలేయడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. నిజం చెప్పాలంటే పని ఇందులోనే ఎక్కువ. నొప్పి తగ్గడానికి డాక్టర్ బరువును బట్టి రాసిన మెలాక్సికామ్ చుక్కలు రోజూ వేశాం. పంజరంలో పై అంతస్తులు తీసేసి పాత నూలు చీర ముక్కలు పరిచాం. కంతి నేలకు రాసుకునే చోట చర్మం చిట్లకుండా రోజూ చూడాలి. వంగి ఒళ్లు నాక్కోలేదు కాబట్టి ఉచ్చతో తడిసిన వెనక భాగాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో తుడవాలి. వంటింటి కాటాను కూడా నమ్మకూడదు. బెల్లం బరువు పెరుగుతోందని నేను సంబరపడ్డాను, పెరిగింది కంతి. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నెముక పూసలు ఒక్కొక్కటీ తగిలాయి.

ఆ రోజుల్లోనే మెడ మీద పొక్కులు కూడా కట్టాయి. వయసుడిగాక పేలు, మైట్లు (చర్మాన్ని పట్టే అతి చిన్న పురుగులు) ఎక్కువవుతాయి, పెరిగిన వెనక గోళ్లతో గీరుకుని పుండ్లు చేసుకుంటాయి. వీటిని చంపే మందులు రెండున్నాయి, ఐవర్‌మెక్టినా, సెలామెక్టినా? కొలత బాగా తప్పితే ఐవర్‌మెక్టిన్ ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే మెడ వెనక చుక్క వేసే సెలామెక్టిన్‌కే నా ఓటు, అదీ డాక్టర్ కొలిచి ఇస్తేనే. కుక్క కోసం కొన్న మందును అంచనా మీద వేయడం మాత్రం వద్దు.

నన్నడిగితే ఎలుక చురుగ్గా ఉండి, ఊపిరి శుభ్రంగా ఉండి, కంతి చిన్నగా ఉంటే కోయించండి, రెండేళ్లు నిండినా సరే. ఊపిరి బాగోలేకపోయినా, ముందరి చేతులతో తిండి పట్టుకోలేకపోతున్నా వద్దు. చేతుల పట్టు పోవడం చాలాసార్లు మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో లేచిన కంతికి గుర్తు, చంకలోది తీసినా ఫలితం ఉండదు.

బెల్లం విషయంలో మేం ముందే ఒక మాట అనుకున్నాం. ఉడికించిన బఠాణీ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని, తొక్క వలిచి పారేసి తినేది. అది మానేసిన రోజు డాక్టర్‌కి ఫోన్ చేయాలని. పదకొండు వారాలు తిన్నది. పన్నెండో వారం మంగళవారం బఠాణీ చేతిలోంచి జారిపోయింది, మళ్లీ తీసుకోలేదు.