చీకట్లో చెవి ఒగ్గి: హాలోవీన్ రాత్రులకు నా మెటల్, హారర్ జతలు

ముందు వాన పడుతుంది. దూరంగా గంట మోగుతుంది, ఉరుము వినిపిస్తుంది. ఆ తర్వాత గిటార్ మీద మూడే మూడు స్వరాలు, ఒక్కొక్కటీ బండరాయిని దొర్లించినంత నిదానంగా. నాకు పన్నెండేళ్లప్పుడు అన్నయ్య తన వాక్‌మన్ ఇయర్‌ఫోన్లలో ఒకటి నా చెవిలో పెట్టి, "లైటు తీసేస్తున్నా, కదలకుండా విను" అన్నాడు. మూడో స్వరం దగ్గర అన్నయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పాట అయ్యేదాకా వదల్లేదు.

అది ఇంగ్లండ్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట. బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు, పాట పేరు మూడూ ఒకటే. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు విడుదలైంది. ఆ రాత్రి నుంచి, అక్టోబర్ 31న దయ్యాల పండుగ హాలోవీన్ ఉంది కాబట్టి, ఆ నెల వస్తే నాది ఒకటే పద్ధతి. ముందు ఒక మెటల్ (బరువైన గిటార్ మోతల రాక్ సంగీతం) ఆల్బమ్ పూర్తిగా వినడం, వెంటనే దానికి సరిజోడైన హారర్ సినిమా చూడటం. ఈసారి మా అమ్మాయి కూడా నాతో కూర్చుంది. దానికి పదహారేళ్లు. మెటల్ అంటే అరుపులే అని దాని అభిప్రాయం. ఇద్దరం కలిసి విన్నవాటిలో, చూసినవాటిలో ఏవి నిలిచాయో, ఏవి తేలిపోయాయో రాస్తున్నాను.

మొదటి జత వెతుక్కోనక్కర్లేదు, చరిత్రే కలిపింది. 1969లో బ్లాక్ సబ్బత్ నలుగురూ బర్మింగ్‌హామ్‌లో ఎర్త్ అనే పేరుతో వాయించేవాళ్లు. రిహార్సల్ చేసే చోటికి ఎదురుగా సినిమా హాలు. భయపడటానికి జనం డబ్బిచ్చి మరీ లైన్లో నిలబడుతున్నారు కదా, భయపెట్టే సంగీతం మనం ఎందుకు చేయకూడదు అనుకున్నారట. మారియో బావా 1963లో తీసిన ఇటాలియన్ సినిమాకి ఇంగ్లిష్‌లో పెట్టిన పేరునే తమ పేరుగా తీసుకున్నారు. ఆ ఇటాలియన్ పేరుకి అర్థం 'భయానికి మూడు ముఖాలు'.

ఆ మూడు స్వరాల దగ్గర కాస్త ఆగాలి. షడ్జం, పై షడ్జం, ఆ రెండింటికీ సరిగ్గా నడిమధ్యన ప్రతిమధ్యమం. ఈ దూరానికి పాశ్చాత్య సంగీతంలో 'సంగీతంలోని సైతాను' అని పేరు. కానీ ప్రతిమధ్యమం మన చెవికి కొత్తదా? కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్త రాగాల్లో సగం, 37 నుంచి చివరిదాకా, దాంతోనే ఉన్నాయి. కల్యాణి రాగంలో అదే స్వరం ఎంత హాయిగా ఉంటుంది! అందుకే భయం ఆ స్వరంలో లేదని నేను గట్టిగా నమ్ముతాను. కల్యాణిలో దానికి ఒకపక్క గాంధారం, ఒకపక్క పంచమం తోడుంటాయి. ఇక్కడ ఎవరూ లేరు. పై షడ్జం నుంచి కిందికి జారి, ఆసరా లేక వణుకుతూ అక్కడే నిలబడిపోతుంది. తర్వాతి స్వరం ఎప్పుడొస్తుందా అని మన ఊపిరి కూడా దాంతోపాటే ఆగుతుంది.

ఆ గిటార్ వాయించిన టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో కుడి చేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమ చేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సిన వేళ్లే పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు కట్టుకున్నాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి తీగలు ఇంకా వదులు చేసి, మూడు అర్ధస్వరాలు శ్రుతి దించేశాడు. ఈరోజు మెటల్ అనగానే చెవికి తగిలే ఆ బరువు, నలిగిన రెండు వేళ్ల నుంచి వచ్చింది. ఇది తెలిశాక ఆ పాట నాకు ఇంకా దగ్గరైంది.

ఇక బావా సినిమా. ఇందులో మూడు కథలు. వీలైతే ఇటాలియన్ వెర్షన్ చూడండి. అమెరికా కోసం కథల వరుస, సంగీతం మార్చారు, టెలిఫోన్ కథనైతే పూర్తిగా పాడుచేశారు. నటుడు బోరిస్ కార్లోఫ్ ఉన్న రెండో కథ బాగుంటుంది కానీ, నన్ను ఇప్పటికీ వదలనిది 'నీటి చుక్క'. చనిపోయిన ముసలావిడకి బట్టలు వేయడానికి వచ్చిన నర్సు, శవం వేలి ఉంగరం దొంగిలిస్తుంది. అప్పుడే గ్లాసు ఒరిగి నీళ్లు టప్, టప్‌మని కారతాయి. ఒక ఈగ ముసురుతుంది. ఇంటికెళ్లాక కూడా ఆ చుక్క చప్పుడు వదలదు. కథ అంతే. శవం మొహం మైనపుబొమ్మలా ఉందని మా అమ్మాయి మొదట పెదవి విరిచింది. ఆ రాత్రి పదకొండింటికి మాత్రం "అమ్మా, వంటింట్లో కుళాయి ఒకసారి చూస్తావా" అని పిలిచింది. ఈ సినిమాకి ఇంతకంటే పెద్ద మెప్పు నేను రాయలేను.

రెండో జత కింగ్ డైమండ్ 'అబిగేల్' (1987), రాబర్ట్ వైజ్ 'ది హాంటింగ్' (1963). రెండూ ఒకే ఇంట్లో జరిగినట్టు ఉంటాయి. 'అబిగేల్' ఆల్బమ్ మొత్తం ఒకే కథ. 1845లో ఒక యువ జంట తమకు సంక్రమించిన పాత భవనానికి వస్తారు, దారిలో ఏడుగురు గుర్రపు రౌతులు వెనక్కి వెళ్లిపొమ్మని హెచ్చరిస్తారు, వీళ్లు వినరు. డెన్మార్క్ గాయకుడు కింగ్ డైమండ్ అన్ని గొంతులూ తానే పలుకుతాడు. కీచుమనే పై స్థాయి ఒక పాత్రది, గుర్రుమనే కింది గొంతు ఇంకో పాత్రది. హరికథలో భాగవతారు ఒక్కరే రాజుగా, రాణిగా, రాక్షసుడిగా మారిపోతారు చూడండి, అచ్చం అలాగే. ఆ పై గొంతు మొదటిసారి విన్నవాళ్లకి వింతగా ఉంటుంది, అలవాటుపడటానికి రెండు పాటలు కావాలి. మూడోదైన 'ఎ మాన్షన్ ఇన్ డార్క్‌నెస్' వచ్చేసరికి మా అమ్మాయి లిరిక్స్ తెరుచుకుని కథ చదువుతూ వింటోంది. డ్రమ్స్ వాయించిన మిక్కీ డీ తర్వాత మోటర్‌హెడ్ బ్యాండ్‌లో చేరాడు. ఆండీ లారాక్ గిటార్ సోలోలు ఒక్కటి కూడా వృథా పోలేదు.

'ది హాంటింగ్'లో దెయ్యం కనిపించదు. ఒక్క ఫ్రేములో కూడా. గోడ అవతల నుంచి ఏదో బాదుతుంది, ఆ చప్పుడు వరండా వెంట దగ్గరికొస్తుంది, ఆగుతుంది. తర్వాత గట్టి చెక్క తలుపు, లోపలికి ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతుంది. అంతకుమించి చూపించలేదు. రెండేళ్ల తర్వాత 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' తీసింది కూడా ఈ దర్శకుడే. చప్పుడుకి ఎంత విలువ ఉందో అంత బాగా తెలిసిన మనిషి. నలుపు తెలుపు సినిమా అని దాటవేయకండి, ఈ సీజన్‌లో మీరు ఒక్క సినిమానే చూస్తానంటే నేను దీన్నే చేతిలో పెడతాను.

డారియో అర్జెంటో 'సస్పీరియా' (1977) గురించి మాట్లాడితే నాకు మాటలు ఎక్కువవుతాయి. గోబ్లిన్ బ్యాండ్ సంగీతం షూటింగ్‌కి ముందే సిద్ధమైంది, సెట్లో దాన్ని గట్టిగా మోగిస్తూ తీశారు. మొదటి నిమిషంలోనే ఒక అద్భుతం ఉంది. ఎయిర్‌పోర్టులో అమ్మాయి నడిచి వస్తుంటుంది. ముందున్న ఆటోమేటిక్ తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ఆ సంగీతం వినిపిస్తుంది, మూసుకోగానే ఆగిపోతుంది. బయట ఏదో కాచుకుని ఉందని మాటల్లేకుండా చెప్పేశాడు. అయితే నేను వాడే స్ట్రీమింగ్ సర్వీసు ఒకదానిలో శబ్దాన్ని ఎంత నలిపేశారంటే, పాటలోని గుసగుసలు మొత్తం మాయమయ్యాయి. ఇంట్లో ఉన్న పాత డిస్క్ తీసి మళ్లీ మొదటి నుంచి చూశాం. తేడా తెలిసిపోయింది. మీ టీవీలో శబ్దాన్ని సమం చేసే నైట్ మోడ్ ఉంటే ముందు అది తీసేయండి. మొదటి పావుగంట చాలా క్రూరంగా ఉంటుంది, రక్తం చూడలేనివాళ్లకి వద్దు. దీనికి జతగా స్వీడన్ బ్యాండ్ ఒపెత్ 2014లో చేసిన 'పేల్ కమ్యూనియన్' పెట్టాను. అందులో 'గోబ్లిన్' అనే వాద్య ట్రాక్ ఆ బ్యాండ్‌కి నమస్కారం లాంటిది. మెటల్ బరువు కోరుకునేవాళ్లకి ఈ ఆల్బమ్ పల్చగా అనిపిస్తుంది, అది నిజమే.

బరువు కావాలంటే 'డెమన్స్' (1985) ఉంది. దర్శకుడు లాంబెర్టో బావా, మారియో బావా కొడుకు. తండ్రి సినిమా పేరుతో మెటల్‌కి నాంది పడితే, కొడుకు సినిమాలో యాక్సెప్ట్, సాక్సన్ అనే మెటల్ బ్యాండ్‌ల పాటలు మోగుతాయి. బెర్లిన్‌లో ఒక థియేటర్ లోపల ప్రేక్షకులు ఒకరి తర్వాత ఒకరు రాక్షసులైపోతుంటే, హీరో బైకెక్కి కత్తి తిప్పుతూ హాలంతా తిరుగుతాడు, వెనక యాక్సెప్ట్ పాట 'ఫాస్ట్ యాజ్ ఎ షార్క్'. కథ ఏమీ లేదు, తర్కం అసలే లేదు. నాకు చాలా ఇష్టం.

జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' (1978) అందరూ చెప్పేదే కాబట్టి సంగీతం గురించే చెబుతాను. దర్శకుడే పియానో మీద కట్టిన బాణీ అది. ఐదు మాత్రల నడక, ఒక్కో మాత్రకి రెండక్షరాలు. వేలితో తట్టుకుంటూ వినండి: తకిట తకిట తక తక. నాలుగుకి అలవాటుపడిన చెవి ప్రతిసారీ కాలు జారుతుంది, ఎక్కడా స్థిమితంగా నిలబడలేదు. సంగీతం లేకుండా ముందు చూపిస్తే సినిమా భయపెట్టలేదని ఒక నిర్మాణ సంస్థ అధికారి అన్న సంగతి కార్పెంటరే చెప్పాడు. సినిమాలో హంతకుడి తెల్ల ముసుగు కూడా 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కిర్క్ బొమ్మ ముసుగుకి తెల్లరంగు పూసిందే. జతగా జర్మన్ బ్యాండ్ హెలోవీన్ 1987లో చేసిన పదమూడు నిమిషాలు దాటే 'హాలోవీన్' పాట పెట్టాను. అది భయపెట్టదు, ఉత్సాహంతో గంతులేయిస్తుంది. మెటల్‌కి కొత్తవాళ్లని తీసుకురావడానికి ఇంతకంటే మంచి తలుపు లేదు.

కొన్నిటిని త్వరగా దాటేస్తాను. ఐరన్ మెయిడెన్ బ్యాండ్ 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్' (1982) పాట, 'ఒమెన్' సినిమా రెండో భాగం చూశాక ఆ బ్యాండ్‌లోని స్టీవ్ హారిస్‌కి వచ్చిన పీడకలలోంచి పుట్టింది. పాట గొప్పది, ఆ సినిమా మాత్రం మొదటి భాగం ముందు తేలిపోతుంది, కాబట్టి 1976 నాటి మొదటిదే చూడండి. 'ట్రిక్ ఆర్ ట్రీట్' (1986)లో బ్లాక్ సబ్బత్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ మెటల్‌కి వ్యతిరేకంగా ప్రసంగాలు చేసే మతబోధకుడిగా కనిపిస్తాడు. ఆ కాసేపటి కోసం చూడొచ్చు. దాదాపు ఇదే పేరుతో 2007లో వచ్చిన సినిమా వేరు, నిజానికి అదే మెరుగు. న్యూజిలాండ్ 'డెత్‌గాజమ్' (2015) నెత్తురు కామెడీ, స్నేహితులతో అయితే సరే. 'మాండీ' (2018)కి యోహాన్ యోహాన్సన్ ఇచ్చిన సంగీతం అతని చివరి పనుల్లో ఒకటి. మొదటి గంట ఎర్రటి కలలా సాగుతుంది, దాన్ని నేను ప్రేమించాను, రెండో గంట హీరో నికొలస్ కేజ్ అభిమానులది.

చివరికి మా ఇద్దరికీ మనసులో మిగిలిపోయింది 'ది డెవిల్స్ క్యాండీ' (2015). షాన్ బర్న్ తీశాడు. బొమ్మలేసుకునే తండ్రి, స్కూలుకెళ్లే కూతురు, ఇద్దరికీ మెటల్ ప్రాణం. కారులో పాట పెట్టుకుని ఇద్దరూ తలలూపుతుంటే వాళ్లమ్మ చూస్తూ భరిస్తుంది. కొత్తింటికి మారతారు. ఆ ఇంట్లో ఇదివరకు ఉన్నవాడు, తలలో వినపడే గొంతులు నోరు మూసుకోవాలని రాత్రిళ్లు గిటార్‌ని చెవులు పగిలేలా వాయించేవాడు. ఇదే ఈ సినిమాలో నన్ను కదిలించిన విషయం. ఎన్నో సినిమాల్లో మెటల్ పాట సైతానుని పిలుస్తుంది. ఇక్కడ ఆ చప్పుడే చెడుకి అడ్డుగోడ. తండ్రీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఉండటానికి ఆసరా కూడా అదే. పిల్లలకు జరిగే హాని ఇందులో ఉంది, అది తట్టుకోలేని మనసైతే దీని జోలికి వెళ్లకండి. సినిమా అయ్యాక మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మావయ్య నీకు మొదట వినిపించింది ఏ పాట?" అని అడిగింది.

అది నేను దానికి మొదటి వారంలోనే వినిపించాను, పగటిపూట, స్పీకర్‌లో. తప్పు చేశాను. కాబట్టి 31 రాత్రి సినిమా ఏదైనా దాని ఇష్టానికే వదిలేస్తున్నాను. దానికి ముందు మాత్రం లైటు తీసేసి, ఇయర్‌ఫోన్లలో, వాన చప్పుడు దగ్గర్నుంచి ఆ ఆరు నిమిషాలూ మళ్లీ వినిపిస్తాను.